దుప్పటి అంచు కదిలిందా?

పసిబిడ్డ కనిపించకుండా పోయిన కేసులో బయటికొచ్చిన దుకాణం సీసీ కెమెరా దృశ్యాన్ని నిన్న రాత్రి ఎన్నిసార్లు వెనక్కి జరిపి చూశానో లెక్కలేదు. తల్లి ట్రాలీ తోసుకుంటూ లోపలికి వస్తుంది. ట్రాలీలో బేబీ సీటు, దానిమీద దుప్పటి. ఆ దుప్పటి కింద బిడ్డ ఉన్నాడా లేడా అన్నదే అందరి వాదన. అంచు ఒకచోట కదిలినట్టు నాకూ అనిపించింది. బిడ్డ కాలు ఆడించాడని రాసి, పోస్ట్ చేయబోయి ఆగిపోయాను.

వీడియోను కుదించే పద్ధతి నాకు కొంత తెలుసు. నిల్వ స్థలం ఆదా చేయడానికి రికార్డర్ ప్రతి ఫ్రేమునూ, అంటే వీడియోలోని ఒక్కో బొమ్మనూ, పూర్తిగా దాచదు. చాలా ఫ్రేముల్లో మారిన భాగాలను మాత్రమే నమోదు చేసి, మిగతాది పక్క ఫ్రేముల నుంచి నింపుతుంది కాబట్టి, మసక వెలుతురులో కదలని బట్ట కూడా గళ్లుగళ్లుగా వణికినట్టు కనిపించవచ్చు. తెరమీది సమయాన్నీ గుడ్డిగా నమ్మలేం, ఆ గడియారాన్ని ఎవరూ సరిచేయకపోతే నిమిషాల తేడా వస్తుంది. తల్లి అబద్ధమాడిందని తేల్చినవారు ఆ నిమిషాలమీదే తీర్పు చెప్పారు, అది నన్ను చాలా బాధపెట్టింది.

2013లో బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత ఇలాగే ఫొటోలు జల్లెడ పట్టిన ఔత్సాహికులు, అంతకుముందే కనిపించకుండా పోయిన ఒక యువకుడిపై అనుమానం మోపారు. అతనికి ఆ ఘటనతో ఏ సంబంధమూ లేదు. కుటుంబం అతన్ని వెతుక్కుంటూనే ఆ నిందనూ మోయవలసి వచ్చింది.

రాసింది చెరిపేశాను. డబ్బు చెల్లిస్తూ ఆ తల్లి ఎడమచేత్తో దుప్పటి సర్దిన క్షణం మాత్రం ఇంకా కళ్లముందే ఉంది.