ఉండవల్లిలో, సీతానగరంలో: జూమ్ మెట్ల మధ్య చిక్కిన దృశ్యాలు

విజయవాడ బస్టాండు దగ్గర ఆటో మాట్లాడుకుని, ప్రకాశం బ్యారేజీ మీదుగా ఉండవల్లికి బయలుదేరినప్పుడు నా వెంట ఉన్నది జేబులో పట్టే డిజిటల్ కెమెరా ఒక్కటే. దాని జూమ్ 28 నుంచి (అన్నిటికన్నా విశాలమైన దృశ్యం) 140 మిల్లీమీటర్ల దాకా (బాగా దగ్గరికి లాగిన దృశ్యం), అంటే ఐదు రెట్లు సాగుతుంది. పెద్ద కెమెరాలలో లెన్సు చుట్టూ ఉండే రింగును తిప్పి కోరిన చోట ఆపవచ్చు గానీ, ఇందులో షట్టర్ బటన్ చుట్టూ ఉన్న చిన్న మీటను వేలితో నెడితే మోటారే లెన్సును కదుపుతుంది. ఆ కదలిక మెట్లు మెట్లుగా ఉంటుంది. కావలసిన ఫ్రేము రెండు మెట్ల మధ్య పడితే, మీటను ఎంత సుతారంగా తాకినా అది చిక్కదు.

కొండను నాలుగు అంతస్తులుగా తొలిచిన ఉండవల్లి గుహాలయానికి మరీ దగ్గరగా నిలబడి, 28 దగ్గర కెమెరాను పైకెత్తి తీస్తే స్తంభాలు పైకి పోయేకొద్దీ ఒకదానివైపు ఒకటి వాలినట్టు వస్తాయి. అందువల్ల ఎదుటి పచ్చికలోకి బాగా వెనక్కి నడిచి, కెమెరాను నిటారుగా పట్టుకుని, జూమ్ కొద్దిగా పెంచాను. ఒక మెట్టు దగ్గర పైన అక్కరలేని ఆకాశం మిగిలింది. తరువాతి మెట్టులో కుడి అంచున చివరి స్తంభం సగానికి తెగింది. బిగుతుగా ఉన్న మెట్టునే ఉంచుకుని కొన్ని అడుగులు వెనక్కి వేసేసరికి స్తంభం పూర్తిగా, దాని పక్కన కాసింత కొండరాయితో సహా, ఫ్రేములోకి వచ్చింది.

దీని వెనుక ఒక తేలిక లెక్క ఉంది. ఫ్రేము పదోవంతు బిగుతుగా ఉంటే, వస్తువు నుంచి మనకున్న దూరంలో పదోవంతు వెనక్కి జరిగితే చాలు: పది మీటర్ల దూరానికి ఒక మీటరు. పై అంతస్తు అరుగు మీద కూర్చున్న ఋషుల విగ్రహాల దగ్గరైతే అడుగు కూడా కదపనక్కరలేక, నడుము కాస్త వంచితేనే సరిపోయింది.

లోపల, ఒకే రాతిలో మలిచిన అనంతపద్మనాభుని ముందు మాత్రం వెనక్కి జరిగే చోటే లేదు. ఐదు మీటర్లకు మించిన ఆ శయనమూర్తి కిరీటం నుంచి పాదాల దాకా రావాలంటే 28 తప్ప మార్గం లేదు. పైగా 28 దగ్గర లెన్సు రంధ్రం ఎఫ్ 2.8 దాకా (ఈ అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది) తెరుచుకుంటుంది; 140 దగ్గర ఎఫ్ 5.9కి కుంచించుకుపోయి, అందే వెలుతురు నాలుగోవంతుకన్నా తగ్గుతుంది. పక్కనుంచి ఏటవాలుగా తీస్తే దగ్గరి కొస మరీ పెద్దదై, అవతలి కొస చిన్నదవుతుంది కనుక నడుమ నిలబడటమే నాకు సబబనిపించింది. ఇంతలో ఒకావిడ, “కాస్త జరుగుతారా అండీ, పిల్లలు దణ్ణం పెట్టుకుంటారు” అన్నారు. వాళ్లు మొక్కుకుని వెళ్లేదాకా ఆగి, ఆ తరువాతే తీశాను.

సీతానగరం ఒడ్డుకు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. 1957లో పూర్తయిన బ్యారేజీ, దాని 70 గేట్లు, అవతలి ఒడ్డున ఇంద్రకీలాద్రి ఒకే ఫ్రేములో ఇమడాలి. కొండ కిలోమీటరు పైబడిన దూరంలో ఉంది. పదోవంతు సవరణకు నూరు మీటర్లకు మించి జరగాలి. ముందు నది, వెనుక ఊరు, ఎటు జరుగుతాం? ఇలాంటి చోట వదులుగా ఉన్న మెట్టునే ఎంచుకుని, తరువాత అంచులు కత్తిరించుకోవడం మేలు. పొడవులోనూ ఎత్తులోనూ పదోవంతు తీసేసినా 12 మెగాపిక్సెళ్లలో దాదాపు 10 మిగులుతాయి. డిజిటల్ జూమ్ చేసేదీ ఈ కత్తిరింపే. కాకపోతే మనల్ని అడగకుండా కెమెరాలోనే కోసి, మిగిలిన ముక్కను సాగదీస్తుంది. కోసిన అంచులు మళ్లీ రావు కనుక ఆ సౌకర్యాన్ని నేను ఎప్పుడూ ఆపివేసే ఉంచుతాను.

ఇంటికి వచ్చాక కత్తిరించినవి నది ఒడ్డున తీసినవి మాత్రమే. ఉండవల్లి ఫొటోలను తీసినవి తీసినట్టే ప్రింటుకు ఇచ్చాను.