డీఈ గారూ, ఇక్కడ గీత గీశారేంటండీ?

ఇరిగేషన్ శాఖలో 17 ఏళ్లు ఇంజనీరుగా చేశాను, చివరికి డీఈ, అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా. కాంట్రాక్టరు బిల్లు తెస్తే పని కొలతలు రాసే ఎం.బుక్ తిరగేసి, కొలత రాయని చోట పెన్సిల్‌తో సున్నా చుట్టి వెనక్కి పంపేవాణ్ని. ఆ సున్నాలన్నీ 2023లో తెలంగాణ అసెంబ్లీకి ఇండిపెండెంటుగా నిలబడినప్పుడు నాకు వడ్డీతో సహా తిరిగొచ్చాయి.

ముందు రాజీనామా. లెటర్ ఇచ్చేస్తే అయిపోతుందనుకున్నాను. కాదు, ఆమోదించినట్టు ఉత్తర్వు చేతికి రావాలి. అది లేకుండా నామినేషన్ వేస్తే ఇంకా ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నట్టే లెక్క, స్క్రూటినీలో, అంటే నామినేషన్ల పరిశీలనలో, కొట్టేస్తారు. ఆగస్టులో ఇస్తే దసరా దాటాక వచ్చింది. ఈలోగా మిత్రుడొకడు, "నితీశ్ కుమార్ కూడా ఇంజనీరే కదరా" అని ఊదరగొట్టాడు. ఆయన 1977లో, 1980లో ఓడిపోయి 1985లో గానీ ఎమ్మెల్యే కాలేదన్న సంగతి మాత్రం వాడు ఎత్తలేదు.

నామినేషన్లు నవంబరు 3 నుంచి 10 దాకా, పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 3 వరకే. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థిని ప్రతిపాదించడానికి ఒక్క ఓటరు చాలు. నాలాంటివాడికి పదిమంది కావాలి, అందరూ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి. ఓటరు జాబితాలో భాగం నంబరు, వరుస నంబరు చూసి రాస్తుంటే, రోజూ నాతో తిరిగే ఒకాయన ఓటు పక్క నియోజకవర్గంలో ఉందని బయటపడింది. ఆయనకే తెలియదు! రాత్రికి రాత్రి ఇంకొకరిని పట్టుకున్నాం. ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా, డిపాజిట్ కింద 10,000 రూపాయలు, ఇవి మాత్రం ఇట్టే అయిపోయాయి.

అసలు తిప్పలన్నీ ఫారం 26 దగ్గర, అంటే నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్ దగ్గర. నా ఆస్తులు, మా ఆవిడ బంగారం, అయిదేళ్ల ఐటీ రిటర్నులు, సర్వే నంబర్లతో సహా భూమి, అప్పులు, కేసులు. గత పదేళ్లలో ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉన్నవాళ్లు అద్దె, కరెంటు, నీళ్లు, ఫోను బకాయిలు లేవని సర్టిఫికెట్ పెట్టాలి. ప్రాజెక్టు క్వార్టర్స్ ఖాళీ చేసి ఆరేళ్లయింది. నీటి సరఫరా చూసే విభాగంలో నా పేరున్న పాత రిజిస్టరు వెతకడానికే రెండు రోజులు పట్టింది.

9వ తేదీన నామినేషన్లు తీసుకునే ఆర్వో (రిటర్నింగ్ ఆఫీసర్) మేడమ్ ముందు కూర్చున్నాను. ప్రమాణం దైవసాక్షిగానా, ఆత్మసాక్షిగానా అని అడిగారు. దేవుణ్ణి ఇందులోకి లాగడమెందుకని ఆత్మసాక్షే అన్నాను. తర్వాత అఫిడవిట్ తిరగేస్తూ ఆగారు.

"డీఈ గారూ, ఇక్కడ గీత గీశారేంటండీ?"

"అక్కడ ఏమీ లేదు మేడమ్, అందుకని..."

"లేకపోతే లేదని రాయాలి. శూన్యం, లేదా వర్తించదు."

నాలుగు చోట్ల గీతలున్నాయి. ఖాళీలు వదిలిన అఫిడవిట్ చెల్లదని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. స్క్రూటినీ మొదలయ్యేలోపు కొత్తది ఇవ్వమని నోటీసు చేతిలో పెట్టారు. ఆవిడ తప్పేం లేదు. నేనైనా అదే చేసేవాణ్ని. కానీ బయటికొచ్చాక ఒకటే టెన్షన్. మర్నాడు నోటరీ దగ్గర అన్ని పేజీలూ మళ్లీ సంతకాలు పెట్టి 2 గంటలకల్లా ఇచ్చేశాను. దీపావళి మర్నాడు, 13న, స్క్రూటినీలో నా పేరు నిలిచింది.

డిసెంబరు 3న లెక్కించారు. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే డిపాజిట్ వాపసు. నాకు రాలేదు.

పని అక్కడితో తెగలేదు. ఓడినా 30 రోజుల్లో ఖర్చుల లెక్క అప్పజెప్పాలి, లేకపోతే మూడేళ్లు పోటీకి అనర్హులను చేసే వీలుంది. వాళ్లిచ్చిన రిజిస్టరులో రోజువారీ ఖర్చుకు తెల్ల పేజీలు, నగదుకు గులాబీవి, బ్యాంకుకు పసుపువి. ఎం.బుక్ రాసిన చెయ్యి కదా, ముచ్చటగా రాశాను. అయినా టెంట్‌హౌస్ బిల్లు మీద తేదీ లేదని ఒకటి వెనక్కి ఇచ్చారు. మళ్లీ బండి తీసుకుని టెంట్‌హౌస్‌కి బయల్దేరాను.