కోత లేదు కదా, ఇంత నొప్పేంది?

నాలుగు వారాల కిందట గర్భసంచి గడ్డలకు (ఫైబ్రాయిడ్లకు) ఎంబోలైజేషన్ చేయించుకున్నాను, అంటే కోత లేకుండా గడ్డలకు రక్తం అందకుండా చేసే చికిత్స. నాకు 43 ఏళ్ళు. నల్గొండ దగ్గర బడిలో టీచర్ని. ఈ చికిత్సకు పోయేవాళ్ళకు ఒక మాట ముందే తెలియాలని రాస్తున్నాను: కోత ఉండదు గానీ నొప్పి ఉంటుంది, చాలా ఉంటుంది.

మూడేళ్ళుగా నెలకు పది రోజులు బ్లీడింగ్. హిమోగ్లోబిన్ 7.4కు పడిపోయింది. మా దగ్గర చూపించిన ఇద్దరు డాక్టర్లూ ఒకటే మాట: "ఇద్దరు పిల్లలున్నరు, ఇంక సంచెందుకు? తీసేద్దాం." వేరే దారి లేదా అని అడిగితే ఒకామె నన్ను వదిలేసి మా ఆయనతో మాట్లాడింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు సుమారు 3 శాతం ఉంటే మన తెలంగాణలో దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. ఎందుకో నాకు ఆ గదిలోనే అర్థమైంది. తీయాల్సిన అవసరం కొందరికి నిజంగానే ఉంటుంది, కాదనను. కానీ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి కదా.

ఈ చికిత్సకు హైదరాబాద్ పోయాను. అక్కడ ముందు ఎంఆర్ఐ తీశారు, కిడ్నీ పరీక్ష చేశారు, క్యాన్సర్ లేదని చూసుకున్నారు, రక్తం పెరగడానికి ఐరన్ సెలైన్లు ఎక్కించారు. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్ళు మాత్రం ఆ సంగతి డాక్టర్‌తో ముందే వివరంగా మాట్లాడుకోవాలి.

చికిత్స గంటంబావులో అయిపోయింది. గజ్జ దగ్గర తిమ్మిరి సూది ఇచ్చి, రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి, తెర మీద చూసుకుంటూ గర్భసంచికి పోయే రెండు ధమనుల్లోకి ఇసుక లాంటి సన్న రేణువులు వదిలారు. రక్తం అందక గడ్డలు చచ్చి కుంచించుకుపోతాయి. మగతగా ఉన్నా మెలకువలోనే ఉన్నాను. రంగు మందు వదిలినప్పుడు ఒళ్ళు వేడెక్కింది, అంతే.

వార్డుకు తెచ్చిన అరగంటకు మొదలైంది. కాలు చాపి ఆరు గంటలు కదలొద్దన్నారు. పొత్తికడుపును లోపల్నుంచి పిండుతున్నట్టు, నడుము విరుగుతున్నట్టు నొప్పి. బెడ్‌పాన్‌లోనే రెండుసార్లు కక్కుకున్నాను. సిస్టర్ వచ్చి గజ్జ దగ్గర ప్లాస్టర్ చూసి అందరూ వినేటట్టు అన్నది: "కోత లేదు, కుట్టు లేదు, ఇట్ల అరుస్తరేందమ్మా? పక్క బెడ్డామెకు పెద్దాపరేషన్ అయింది, సప్పుడు చేస్తుందా?"

ఆ పక్క బెడ్డామె తల తిప్పి నన్ను చూసింది. మా ఆడబిడ్డ కూడా మెల్లగా, "అవును వదినా, జర ఓర్సుకో" అన్నది. ఇద్దరు పిల్లలను నార్మల్ డెలివరీలో కన్నదాన్ని, సూది పడితే ఏడ్చే మనిషిని కాదు. ఆ రాత్రి మాత్రం నొప్పి కన్నా నన్ను ఎవరూ నమ్మకపోవడమే ఎక్కువ ఏడిపించింది. నొప్పి ఇంజెక్షన్ "అవసరమైతే" ఇవ్వాలని రాశారట. అవసరమా కాదా అన్నది సిస్టర్ చేతిలో ఉంది. డ్యూటీ డాక్టర్ వచ్చేసరికి రెండు గంటలు దాటింది.

పొద్దున చికిత్స చేసిన డాక్టర్ చెప్పారు: రక్తం ఆగిన కండకు నొప్పి పుడుతుంది, గర్భసంచికి కూడా కాసేపు రక్తం తగ్గుతుంది, మొదటి రోజు గట్టిగానే ఉంటుంది అని. ఈ మాట ముందు రోజే ఎందుకు చెప్పలేదు సార్ అని అడిగాను. జవాబు రాలేదు.

అందుకే సంతకం పెట్టే ముందు అడగండి: రాత్రికి నొప్పి మందు టైం ప్రకారం ఇస్తారా, మనమే బటన్ నొక్కుకునే పంపు ఉందా, వార్డు సిస్టర్‌కు ఈ చికిత్స సంగతి తెలుసా. జవాబు నోటితో కాదు, కేస్ షీట్‌లో రాయించుకోండి.

రెండో రోజు ఇంటికి పంపారు. వారం పాటు సన్న జ్వరం, వికారం, అలసట. ఇది మామూలేనన్నారు. జ్వరం పెరిగినా, వాసన వచ్చే స్రావం కనబడినా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి, అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. రెండు వారాలకు బడికి పోయాను. గడ్డలు ఎంత తగ్గాయో మూడు నుంచి ఆరు నెలల్లో స్కాన్‌లో తెలుస్తుంది.

మొన్న నెలసరి వచ్చింది, నాలుగు రోజుల్లో ఆగిపోయింది. మూడేళ్ళలో మొదటిసారి, బ్యాగులో ఇంకో చీర పెట్టుకోకుండా బడికి పోయే బస్సెక్కాను.