మూడు కిలోలు, మూడు బెల్టులు

ఆదివారం, రాత్రి పది దాటింది

నిన్న సాయంత్రం వీధి చివర కిరాణా కొట్లో కాటా మీద నా కెమెరా పెట్టి తూయించాను. నికాన్ డి7200కి 200-500 లెన్స్ తగిలించి, బెల్టుతో సహా. మూడు కిలోలు దాటి ఇంకో నూట యాభై గ్రాములు చూపించింది. కొట్టాయన నవ్వాడు. "మూడు కేజీల బియ్యం మెడకి కట్టుకుని ఎవరైనా తిరుగుతారేటి టీచరమ్మా?"

తిరుగుతున్నాను మరి, ఏడాదిన్నరగా. దాని ఫలితమే మొన్న సంక్రాంతికి మెడ పట్టేయడం. మూడు రోజులు తల పక్కకి తిరగలేదు. పండక్కి వచ్చిన ఆడపడుచు పిలిస్తే మనిషిని మొత్తంగా తిరగాల్సి వచ్చింది, పాత సినిమాల్లో దెయ్యంలా.

మా అన్నయ్య కొడుకు బుజ్జి పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తాడు. మాఘం ముహూర్తాలు ఇంకా మొదలవలేదు, ఖాళీగానే ఉన్నాడు. "మెడకి కాదత్తా, జంధ్యంలా అడ్డంగా వేసుకో" అని రెండు స్లింగ్ బెల్టులు పట్టుకొచ్చాడు. ఒకటి ఎప్పుడో ఆన్‌లైన్‌లో చవగ్గా కొన్నది, పేరు కూడా లేదు. రెండోది పీక్ డిజైన్ వాళ్ళ స్లైడ్, వాడు ప్రాణంలా చూసుకునేది. నా పెట్టెలో వచ్చిన మెడ బెల్టుతో కలిపి మొత్తం మూడు. ఇవాళ వాటితోనే పక్షుల్ని చూడ్డానికి తేలినీలాపురం పోయివచ్చాం.

శ్రీకాకుళంలో తెల్లారకుండానే బయల్దేరాం. టెక్కలి దాకా హైవే, తర్వాత లోపలికి. మొత్తం అరవై కిలోమీటర్లుంటుంది. బైక్ ఎక్కేముందే బుజ్జి కెమెరాని బ్యాగులో పెట్టించేశాడు. ఒకసారి వాడు స్లింగ్ వేసుకుని బండి నడిపాడట. కెమెరా తొడ మీద డప్పు వాయిస్తూనే ఉందట, కుక్క అడ్డొచ్చి బ్రేకు వేస్తే ముందుకొచ్చి పెట్రోలు ట్యాంకుకి గుద్దుకుందట. "ట్యాంకుకి సొట్ట పడింది, లెన్స్‌కి ఏటీ అవలేదు" అన్నాడు గొప్పగా. నేను నమ్మలేదు.

టెక్కలిలో పూరీ, బొంబాయి చట్నీ. దాని గురించి ఇంకోరోజు రాస్తాను.

ఊళ్ళోకి వెళ్ళేసరికి మంచు తేలుతోంది. చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, గూళ్ళలో పిల్లల గోల. ఇళ్ళ మధ్య చెట్ల మీదే కాపురాలు. ఊరివాళ్ళు వీటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. వాటి రెట్ట కంపు మొదటి పది నిమిషాలే తెలుస్తుంది.

ముందు పేరులేని స్లింగ్ వేసుకున్నాను. దీని పద్ధతేమిటంటే, ట్రైపాడ్ బిగించుకునే కన్నం ఉంటుంది కదా, పావు అంగుళం మర ఉన్నది, అందులో ఒక స్క్రూ తిప్పి దానికి కొక్కెం తగిలిస్తారు. ఇంత బరువు లెన్స్ ఉన్నప్పుడు ఆ స్క్రూ కెమెరా అడుగున కాదు, లెన్స్ మెడ పట్టీకి ఉన్న పాదంలో బిగించాలని బుజ్జి ముందే చెప్పాడు. కెమెరాకి బిగిస్తే రెండు కిలోల పైన ఉన్న లెన్స్ మొత్తం మౌంట్ నుంచి, అంటే కెమెరాకి లెన్స్ తగిలించే చోటు నుంచి, వేలాడుతుంది. పాదానికి బిగిస్తే బరువు మధ్యలో పడుతుంది.

హాయిగా ఉంది, అబద్ధం ఎందుకు. భుజం మీద మెత్తటి దిండు కదలకుండా కూర్చుంటుంది, కెమెరా ఒక్కటే బెల్టు మీద జారుతూ కంటి దగ్గరికి వచ్చి మళ్ళీ కుడి తుంటి పక్కకి పోతుంది. అరగంట నడిచినా మెడకి ఏమీ తెలియలేదు. బరువు వీపు మీదుగా పరుచుకున్నట్టుంది.

కానీ అది కళ్ళ ముందు లేదు. వాచ్ టవర్ మెట్లు ఎక్కుతుంటే వెనక నుంచి "టంగ్" అని వినిపించింది. నా లెన్సే, ఇనుప పట్టీకి కొట్టుకుంది. గుండె ఆగినంత పనైంది. లెన్స్ ముందు తొడిగే గొట్టం, హుడ్ అంటారు, అది ఉండబట్టి సరిపోయింది, దాని అంచు గీసుకుపోయింది, అద్దం బతికింది. ఎండ లేనప్పుడు హుడ్ ఎందుకని తీసేసి తిరిగేదాన్ని ఇన్నాళ్ళూ. మెడకి వేసుకున్నప్పుడు కెమెరా పొట్ట మీదే ఉంటుంది, దేనికైనా తగలబోతుంటే ముందు మన కంటికే కనిపిస్తుంది. మెడ నొప్పికి బదులు అదొక లాభం ఉండేదన్నమాట.

ఇంకో గంటకి మరొకటి. ఊరికే అలవాటుగా స్క్రూ పట్టుకుని చూశాను, చేత్తో అర చుట్టు తిరిగింది. నడుస్తున్నప్పుడు కెమెరా ఊగుతూ ఉంటే ఆ ఊపుకి అదే మెల్లిగా విప్పుకుంటోంది. చూసుకోకుండా ఇంకో గంట నడిచి ఉంటే? బుజ్జికి చెప్తే వాడు పెద్దగా కంగారు పడలేదు. "అందుకే గంటకోసారి తిప్పి చూసుకోవాలత్తా, మేం పెళ్ళిలో తాళికి ముందు ఓసారి, తలంబ్రాలకి ముందు ఓసారి చూస్తాం" అన్నాడు. స్క్రూకి తోడు కెమెరా పక్క కడియానికి ఒక సన్నటి తాడు కూడా కట్టుకోవాలట, స్క్రూ మోసం చేసినా అది పట్టుకుంటుంది. ఆ తాడేది అంటే ఇంట్లో ఉందన్నాడు.

తర్వాత స్లైడ్ వేసుకున్నాను. చూడ్డానికి కారు సీటు బెల్టు ముక్కలా ఉంటుంది, నలభై అయిదు మిల్లీమీటర్ల వెడల్పు, పెద్ద దిండేమీ లేదు. ఇది ఒక్క కొక్కేనికి కాదు, రెండు చోట్ల పట్టుకుంటుంది. ఒక కొస కెమెరా కడియానికి, ఇంకో కొస లెన్స్ పాదానికి అల్లెన్ కీతో బిగించిన చిన్న పలకకి. గుండీల్లాంటి బిళ్ళలు, వాటికి సన్నటి తాళ్ళు. ఇంత సన్నం తాడు ఆగుతుందా అని అడిగాను. ఒక్కోటి తొంభై కిలోలు మోస్తుందని కంపెనీ చెబుతుందట. "అంటే నన్ను కూడా మోస్తుంది, నిన్ను కూడా మోస్తుంది." నా బరువు వాడికి ఎవరు చెప్పారో.

దీనితో గొడవ చున్నీతో వచ్చింది. ఇందులో కెమెరా ఒక్కటే జారదు, బెల్టు మొత్తం భుజం మీద జారుతుంది. నాది పొందూరు ఖద్దరు చున్నీ. ఖద్దరు దేన్నీ ఊరికే జారనివ్వదు. కెమెరా ఎత్తినప్పుడల్లా చున్నీ కూడా నాతో పాటు పక్షిని చూడ్డానికి పైకి లేచింది. రెండోసారికి పిన్ను ఊడింది. బెల్టుకి ఒకవైపు నునుపు, ఇంకోవైపు గరుకు ఉంటుంది, నునుపు వైపు తిప్పి వేసుకున్నా పెద్ద తేడా లేదు. ఈ బెల్టులు తయారుచేసేవాళ్ళలో ఒక్కరైనా చున్నీ వేసుకుని చూసి ఉంటే బాగుండేది. చివరికి చున్నీ తీసి బ్యాగులో పెట్టేశాను, స్వెటర్ ఉంది కాబట్టి.

అయితే దీనిలో నాకు నచ్చింది వెడల్పూ కాదు, తాడూ కాదు. ముందువైపు చిన్న పిడి ఉంది, దాన్ని లాగితే బెల్టు ఒక్క క్షణంలో పొట్టి అవుతుంది. మళ్ళీ వాచ్ టవర్ ఎక్కేటప్పుడు లాగేశాను, కెమెరా నడుముకి అతుక్కుని ఊగకుండా వచ్చింది. పైకెక్కాక వదిలేశాను. మొదటి స్లింగ్‌కి కూడా పొడుగు సరిచేసుకునే బకిల్ ఉంది, కానీ రెండు చేతులూ కావాలి, మెట్ల మీద ఎవరు చేస్తారు?

దిగాక ఒక గుంటడు గూడబాతు ఈక చూపించడానికి పిలిచాడు. కిందున్నది చూద్దామని ఒంగానో లేదో, కెమెరా రోకలిలా ముందుకొచ్చి నేలకి జానెడు ఎత్తులో ఆగింది. అరుగు మీద కూర్చున్న ముసలమ్మ అంతా చూస్తూనే ఉంది. "ఏటమ్మా అలా యేలాడదీసీసినావు? సంకన బిడ్డనెత్తుకున్నట్టు ఎత్తుకో" అంది.

తుంటి పక్కన, చంక కింద, సరిగ్గా మా పిల్లాణ్ణి ఎత్తుకున్న చోటే ఉంది కెమెరా. అప్పుడు ఒంగినా, నడిచినా, గడప దాటినా ఆ చెయ్యి వాడి చుట్టూ దానంతటదే ఉండేది, ఎవరూ నేర్పలేదు. అక్కడినుంచి కుడి చెయ్యి లెన్స్ మీద వేసే నడిచాను. ఇంక దేనికీ తగల్లేదు. చెయ్యి నొప్పెట్టిందనుకోండి, అది వేరే సంగతి.

మెడ బెల్టు బ్యాగులోంచి బయటకి రానేలేదు. పారెయ్యను. కూర్చుని తీసేటప్పుడు, పడవ ఎక్కినప్పుడు పనికొస్తుంది.

నూట ఎనభై ఫొటోలు తీస్తే పదకొండు ఉంచుకున్నాను. పిల్ల గూడబాతు తల్లి గొంతు సంచీలో తల మొత్తం దూర్చేసిన ఫొటో ఒకటి వచ్చింది, అది చాలు. స్లైడ్ ధర ఫోన్‌లో చూసి, ఫోన్ బోర్లా పెట్టేశాను. ఫిబ్రవరి జీతం రానీ.

బుజ్జి బెల్టుకి నా చెమట మరక పట్టింది. వాడు అడిగేలోపు బకెట్లో సబ్బు నీళ్ళు కలిపి ఉతికి దండెం మీద ఆరేశాను. ఇందాక అత్తయ్య పెరట్లోకి వెళ్ళి వచ్చి అడుగుతోంది, ఎవరి కారు సీటు బెల్టు కోసుకొచ్చారని.