ఆయన మీటింగ్‌కి, నేను బీచ్‌కి

ఆయనకి వైజాగ్‌లో మూడు రోజులు ఆఫీసు పని పడింది, రూమ్ ఎలాగూ కంపెనీదే, నా రైలు టికెట్ ఒక్కటేగా ఖర్చు అని నేనూ బ్యాగు సర్దేశా. తీరా దిగాక చూస్తే బుకింగ్ ఒక్కరికేనట! నా ఆధార్ కూడా తీసుకుని, రెండో మనిషికి అదనంగా కట్టించుకున్నారు. టిఫిన్ మాత్రం ఒక్కరికే ఫ్రీ. (ఆయన ప్లేట్లోంచి రెండు ఇడ్లీలు లాగించా, ఎవరికీ చెప్పకండి.)

సోమవారం ఎగేసుకుంటూ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూద్దామని పోతే ఆ రోజు సెలవు. మంగళవారం మళ్లీ వెళ్లా. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసిందది, లోపల ఆ ఇరుకు బంకులు చూశాక మా గది రాజభవనంలా అనిపించింది, కాకపోతే రాత్రి పదింటికి కూడా ఆయన కాల్‌లో ఉంటే నేను టీవీ మ్యూట్‌లో పెట్టుకుని, మా అమ్మతో మాట్లాడాలంటే బాత్రూంలోకి పోవాల్సి వచ్చేది.

ఆఖరి రోజు మాత్రం ఆరింటికే వచ్చేశారు. ఇసుకలో కూర్చుని మురీ మిక్చర్ తింటూ, పిల్లల గురించి కాకుండా ఇంకేదైనా మాట్లాడుకుని ఎన్నాళ్లయిందో అనుకుంటున్నామో లేదో, ఇంటి నుంచి ఫోన్... గ్యాస్ అయిపోయిందట.