కిందికి దిగిన ఎనిమిది

కడపలో ఇంటర్ విద్యార్థుల కోసం నేను తయారుచేసిన భౌతికశాస్త్రం పేజీని నిన్న ఒక అమ్మాయి ఫోన్‌లో తెరిచి, "సార్, కాంతి వేగం సెకనుకు 324 మీటర్లేనా?" అని అడిగింది. సిగ్నల్ సరిగా లేక పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ ఫైలు లోడ్ కాకపోవడంతో, 3 × 10⁸లో నేను కేవలం ఆ స్టైల్‌తో పైకెత్తిన 8 కిందికి దిగి, 10 పక్కన చేరి, 3 × 108 అయి కూర్చుంది. ఆ అమ్మాయి గుణకారంలో మాత్రం తప్పేమీ లేదు. పేజీని రాసే హెచ్‌టీఎంఎల్‌లోనే అంకెను పైకెత్తడానికి ఉన్న సప్ ట్యాగ్ వాడి ఉంటే, సీఎస్ఎస్ అందకపోయినా బ్రౌజరే తన సొంత అమరికతో ఆ అంకెను పైన నిలిపేది. సప్ వల్ల వరుసల మధ్య ఎడం పెరుగుతుందని, సబ్‌తో దించిన అంకె మన ఒత్తులకు తగులుతుందని (తెలుగు వరుస కింద ఖాళీ ఎక్కడిది!) వాటిని పక్కన పెట్టింది నేనే. ఘాతాంకం జారితే విలువే మారిపోతుంది కనుక రాత్రి కూర్చుని ట్యాగులన్నీ పెట్టి, ఎడాన్ని లైన్ హైట్‌తో సరిచేశాను. శీర్షికల్లో అందానికి పైకెత్తిన అక్షరాలను మాత్రం సీఎస్ఎస్‌కే వదిలేశాను.