నవల తర్వాత రాద్దురుగాని, ముందు వంద మాటలు రాయండి

కొత్తగా రాయాలనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న "ఏం రాయమంటారు?" అని. నేను మాత్రం "ఎంతలో రాస్తారు?" అని ఎదురు ప్రశ్న వేస్తాను. విషయం ఎంత గొప్పదైనా కొలత లేకపోతే అది సాగుతూ సాగుతూ మూడో పేజీలో ఎక్కడో ఆగిపోతుంది, ఆ తర్వాత ఆ ఫైలు "కొత్త కథ ఫైనల్ 2" అన్న పేరుతో ఫోల్డర్‌లో మూలన పడి ఉంటుంది. అదే చిన్న కొలత పెట్టుకుంటే, బాగా వచ్చినా రాకపోయినా, పడుకునేలోపు ఒకటి పూర్తవుతుంది. పూర్తి చెయ్యడం విడిగా నేర్చుకోవాల్సిన పని. సగం సగం రాసినవి ఎన్ని పోగేసినా ఆ పని మాత్రం రాదు.

1999లో అమెరికాలో మొదలైన నానోరైమో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, నవంబరు నెలలో 50,000 మాటల నవల రాసెయ్యాలి, అంటే రోజుకి దాదాపు 1,667 మాటలు. దాన్ని నడిపిన సంస్థ 2025లో మూతపడింది గానీ ఆ మోజు ఇంకా పోలేదు. రాసే అలవాటు ఉన్నవాళ్లకి అది మంచి ఊపే, కాదనను. ఒక్క కథ కూడా ముగించని మనిషి దాంట్లో దిగితే మాత్రం నాలుగో రోజుకి లెక్క తప్పుతుంది, ఐదో రోజు టెన్షన్, ఆరో రోజు "మనకి రాయడం రాదులే". ఆ మాట అనుకోవడానికి ఆరు రోజుల పరీక్ష సరిపోదు కదా.

అందుకే డ్రాబుల్‌తో మొదలుపెట్టమంటాను. 1980ల్లో బ్రిటన్‌లోని సైన్స్ ఫిక్షన్ అభిమానులు పైకి తెచ్చిన ఆట ఇది. సరిగ్గా వంద మాటల కథ, తొంభై తొమ్మిదీ కాదు, నూటొకటీ కాదు. ఈ "సరిగ్గా" అన్న దాంట్లోనే ఉంది కిటుకంతా. నూట ముప్ఫై రాసి ముప్ఫై తీసెయ్యాల్సి వచ్చినప్పుడు ప్రతి "చాలా", ప్రతి "అప్పుడు", ప్రతి "అకస్మాత్తుగా" మీ ముందు నిలబడి నన్నెందుకు పెట్టావని అడుగుతుంది. తెలుగులో ఇంకో చిక్కు ఉంది. "వెళ్లలేకపోయానన్నాడు" అనేది మనకి ఒకటే మాట, ఇంగ్లీషులో దానికి నాలుగైదు కావాలి. కాబట్టి మనం వంద పెట్టుకుంటే కాస్త వదులుగానే ఉంటుంది. అరవై డెబ్భై పెట్టుకోండి, అసలైన ఇరుకు అప్పుడు తెలుస్తుంది.

ఒకటి చేసి చూపిస్తాను. మొదటి చిత్తుప్రతి ఇలా వచ్చిందనుకుందాం:

"ఆ ఇల్లు కొనడానికి వచ్చిన దంపతులకి తలుపు పక్కన గోడ మీద పెన్సిల్ గీతలు కనిపించాయి. ఒక్కో గీత పక్కన ఒక్కో తేదీ రాసి ఉంది. అవి ఎవరో పిల్లాడి ఎత్తు కొలిచి గీసిన గీతలు. ఏడో ఏడు తర్వాత గీతలు లేవు. ఆ పిల్లాడికి ఏదో ఘోరం జరిగి ఉంటుందని ఊహించుకుని ఆమె కళ్లు చెమ్మగిల్లాయి."

తప్పేం లేదు, అర్థమవుతోంది. కానీ ఏడవాల్సిన చోట మనకంటే ముందే ఆవిడ ఏడ్చేసింది, ఇక మనకి పనేం మిగిలింది? ఇప్పుడు ఇరవై మాటల్లో:

"గోడ మీద పిల్లాడి ఎత్తు గీతలు, పక్కన పుట్టినరోజు తేదీలు. ఏడో గీత తర్వాత గోడంతా ఖాళీ. 'ఈ గోడకి పెయింట్ వద్దు' అంది ఇల్లు కొన్నావిడ."

దంపతుల్లో ఒకరు పోయారు, ఘోరం పోయింది, చెమ్మగిల్లిన కళ్లు పోయాయి. వాటన్నిటి చోటా ఆవిడ నోట ఒక మాట వచ్చింది. కత్తిరించడమంటే ఉన్నదాన్ని పొట్టి చెయ్యడమే అనుకుంటారు గానీ, చాలాసార్లు కత్తిరించేటప్పుడే కొత్తది పుడుతుంది. పెయింట్ మాట మొదటి చిత్తుప్రతిలో లేనే లేదు చూడండి.

అక్షరాల లెక్కతో రాయాలనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. 280 క్యారెక్టర్ల పోస్టులో కథ రాయాలని కూర్చుంటే అది తెలుగులో 280 అక్షరాలు కాదు. "స్త్రీ" మన కంటికి ఒకటే అక్షరం, కంప్యూటర్‌కి మాత్రం ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వత్తులు, గుణింతాలు అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. రాసిందంతా రాశాక పోస్టు పెట్టేచోట ఎర్రగీత కనిపించి ఉసూరుమనేకంటే, మొదటినుంచీ ఆ పెట్టెలోనే టైప్ చేస్తూ రాసుకోవడం మేలు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రాజెక్ట్ వేరే ఉంది, అది వస్తువు రూపంలో కథ. కథలా కనిపించనిది ఏదైనా తీసుకోండి: ఫోన్‌లో కొనాల్సిన సామాన్ల జాబితా, ఒక వస్తువుకి వరసగా వచ్చిన రివ్యూలు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లు, పంపకుండా ఆపేసిన ఈమెయిల్ చిత్తుప్రతులు. దాని రూపం చెడకుండా లోపల కథ నడపాలి. వర్ణన రాదని భయపడేవాళ్లకి ఇది వరం, ఎందుకంటే సామాన్ల జాబితాలో సూర్యోదయం వర్ణించాల్సిన పనిలేదు. ఇదిగో ఒక మనిషి సెర్చ్ హిస్టరీ:

రాత్రి 11:40 – పిల్లి ఇంటి దారి మర్చిపోతుందా
11:52 – తప్పిపోయిన పిల్లి ఎన్ని రోజులకి తిరిగొస్తుంది
12:15 – ఇల్లు మారాక పిల్లులు పాత ఇంటికి వెళ్లిపోతాయా
12:21 – విడాకుల తర్వాత పాత ఇంటికి వెళ్లొచ్చా
12:22 – విడాకుల తర్వాత పాత ఇంటికి పిల్లి కోసం వెళ్లొచ్చా

ఇందులో పాత్ర పేరు లేదు, ఆడో మగో తెలీదు, సంభాషణ లేదు. చివరి రెండు వెతుకులాటల మధ్య ఉన్నది ఒక్క నిమిషం, కథ ఆ నిమిషంలోనే జరిగింది. మీరు రాసేటప్పుడు టైమ్‌లతో ఆడుకోండి. 12:22 తర్వాత తెల్లవారి 4:50కి ఇంకో వెతుకులాట పెడితే ఆ మధ్యలో ఆ మనిషి నిద్రపోలేదన్న సంగతి చదివేవాళ్లే పట్టుకుంటారు.

దీనికి దగ్గరి చుట్టం మూడు లైన్ల వార్త. 1906లో ఫెలిక్స్ ఫెనియోన్ అనే ఆయన ఒక పారిస్ దినపత్రికలో మూడేసి లైన్ల వార్తలు వెయ్యికి పైగా రాశాడు. నిజంగా జరిగిన దొంగతనాలు, ప్రమాదాలు, తగాదాలే, కానీ మాటల కూర్పు వల్ల ఒక్కోటి ఒక్కో నవలలా ఉంటుంది. మీరూ రోజూ కనిపించే చిన్న వార్త ఒకటి తీసుకుని చెయ్యొచ్చు. పేర్లూ, ఊరూ, గుర్తుపట్టే వివరాలూ మాత్రం మార్చెయ్యండి, ఎవరింటి కష్టమో మన సాధనకి ముడిసరుకు కాకూడదు.

ఇక మన అవధానాల్లోంచి తీసుకోదగినవి బోలెడున్నాయి, ఇంటర్నెట్‌లో వీటిని ఎందుకు ఎక్కువమంది వాడుకోరో నాకు అర్థం కాదు. సమస్యాపూరణంలో పృచ్ఛకుడు అసంబద్ధంగా వినిపించే పాదం ఒకటిస్తాడు, మిగతా మూడు పాదాలతో దానికి అర్థం తేవడం అవధాని పని. ఛందస్సు వదిలేసి దాన్నే వచనంలో ఆడండి. చివరి వాక్యం ముందే ఇచ్చేసుకోండి, ఉదాహరణకి "అందుకే ఆ గడియారాన్ని బావిలో పడేశాను." లేదా "ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరూ అద్దం తుడవలేదు." అక్కడికి చేరేలా వెనక్కి కట్టుకుంటూ రండి. ముగింపు దొరక్క ఆగిపోయేవాళ్లకి ఇంతకంటే మంచి మందు నాకు తెలీదు, ముగింపు ముందే జేబులో ఉంటుంది కాబట్టి.

ఫలానా అక్షరాలు వాడకూడదని కట్టడి పెట్టే నిషిద్ధాక్షరి అయితే ఇంకా మజా. 1969లో జార్జ్ పెరెక్ అనే ఫ్రెంచి రచయిత ఫ్రెంచిలో అన్నిటికంటే ఎక్కువగా వాడే 'e' అనే అక్షరం ఒక్కసారి కూడా రాకుండా నవల మొత్తం రాశాడు. మనకి పెదవులు తగలని నిరోష్ఠ్య కవిత్వం ఎప్పటినుంచో ఉంది. మీరు అంత కఠినంగా పోనక్కర్లేదు, అచ్చుల జోలికి వెళ్లకుండా ప, ఫ, బ, భ, మ ఈ అయిదూ నిషేధించుకుని ఐదు వాక్యాలు రాయండి. అమ్మ పోయింది, పాప పోయింది, బాబు పోయాడు, ప్రేమ కూడా పోయింది. ఇక సెంటిమెంట్ కథ ఎలా రాస్తారో చూద్దాం! "తాత కిటికీ తెరిచాడు. గాలి రాలేదు, ఎండ తగిలింది." ఇలా నడుస్తుంది. చేతికి అలవాటైన మాట దొరక్కపోవడమే, మామూలుగా రాయని వాక్యం మీచేత రాయిస్తుంది.

ఆరు మాటల కథల గురించి అడుగుతారని తెలుసు. "అమ్మకానికి: పసిపాప బూట్లు, ఎన్నడూ తొడగనివి" అనే అర్థం వచ్చే ఆ ప్రసిద్ధమైన ఇంగ్లీషు ఆరు మాటల కథకి అమెరికన్ రచయిత హెమింగ్వే పేరు తగిలిస్తారు గానీ ఆయన రాశాడనడానికి ఆధారం ఏదీ లేదు, దాన్ని పోలినవి 1910 ప్రాంతంలోనే పత్రికల్లో వచ్చాయి. అది అలా ఉంచితే, మొదటిసారి రాసేవాళ్లకి ఆరు మాటలు వద్దంటాను. నూటికి తొంభై అవి కొటేషన్లుగానో, ప్రకటనల కింద రాసే లైన్లుగానో మారిపోతాయి. అంత చిన్నగా రాయాలని ఉంటే నానీలు రాయండి. ఎన్. గోపి గారు మొదలుపెట్టిన ఈ ప్రక్రియలో నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. ఇక్కడ అక్షరమంటే మన కంటికి కనిపించే అక్షరమే, కంప్యూటర్ లెక్క కాదు. ఒక దృశ్యం, ఒక మలుపు పట్టేంత చోటు ఉంటుంది.

ఒంటరిగా బోర్ కొడితే గొలుసు కథ. 1925లో పారిస్‌లో సర్రియలిస్టులనే కవులూ చిత్రకారులూ ఆడిన ఆటలో కాగితం మడతపెట్టి ముందువాళ్లు రాసింది కనిపించకుండా చేసేవారు. ఆన్‌లైన్‌లో దీన్ని నలుగురైదుగురు స్నేహితులతో సులువుగా చెయ్యొచ్చు. ఒకరు ఐదు వాక్యాలు రాసి ఆఖరి వాక్యం మాత్రమే తర్వాతివాళ్లకి విడిగా మెసేజ్ చెయ్యాలి. అందరిదీ అయ్యాక ఒకచోట అతికించి చదువుకోవడం. అందరికీ అంతా కనిపించే డాక్యుమెంట్‌లో పెడితే మాత్రం చప్పగా తయారవుతుంది, ఒకరి మాట ఒకరు సర్దుకుపోతారు.

దారులు చీలే కథ రాయాలనుంటే ట్వైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, తెలుగు లిపిలో హాయిగా రాసుకోవచ్చు. ఒక మాట చుట్టూ రెండేసి చదరపు బ్రాకెట్లు పెడితే అది తర్వాతి భాగానికి లింకు అయిపోతుంది, కోడింగ్ అక్కర్లేదు. ఇక్కడ అందరూ బోల్తా పడేది లెక్కల్లో. ప్రతి మలుపులోనూ రెండు దారులిస్తే ఐదు మలుపులకి మీరు రాయాల్సిన భాగాలు 63 అవుతాయి. కాబట్టి చీలిన దారులు మళ్లీ కలిసేలా ప్లాన్ చేసుకోండి, పది భాగాల్లో ముగించండి. ఇంకోటి, బ్రౌజర్‌లో రాసింది ఆ బ్రౌజర్‌లోనే ఉంటుంది, హిస్టరీతో పాటు సైట్ డేటా కూడా తుడిచేశారంటే కథ గల్లంతే, ఎప్పటికప్పుడు డౌన్‌లోడ్ చేసి దాచుకోండి.

రాసింది ఎవరికి చూపించాలి? ముందు ఇద్దరు ముగ్గురికి చాలు. "ఎలా ఉంది?" అని అడగొద్దు, "బాగుంది" అని చేతులెత్తి దండం పెట్టే ఎమోజీతో పాటు వస్తుంది, దానితో ఏం చేసుకుంటాం? "ఎక్కడ చదవడం ఆపెయ్యాలనిపించింది?" అని అడగండి, లేదా "చివర్లో ఏం జరిగిందని నీకు అర్థమైంది?" అని. పై పిల్లి కథ చదివినవాళ్లు "పిల్లి దొరికిందా?" అని అడిగితే నా కథ సరిగ్గా కుదరలేదని లెక్క. "మరి వెళ్లారా?" అంటే కుదిరినట్టే.

అందరికీ కనిపించేలా పోస్ట్ చేసే ముందు ఒక్క విషయం చూసుకోండి. చాలా పత్రికలూ పోటీలూ ఎక్కడా ప్రచురితం కాని రచనలే తీసుకుంటాయి, సొంత రచనేనని హామీ పత్రం అడుగుతాయి. మీ ఫేస్‌బుక్ గోడ మీదో, బ్లాగులోనో పెట్టినదాన్ని కూడా ప్రచురితమైనట్టే లెక్కేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఏదైనా పోటీకి పంపాలన్న ఆలోచన ఉంటే ముందు అక్కడికి పంపండి, ఫలితం వచ్చాక గోడ మీద పెట్టుకోండి. మిగతావన్నీ, ముఖ్యంగా ప, బ, మ లేకుండా రాసినవి, నిరభ్యంతరంగా ఈ రాత్రే పెట్టేసుకోవచ్చు.